కుళాయి ఐదు నిమిషాలు వదలాలి

నాకు ఆ ప్రాజెక్టులో నూటికి తొంభై నాలుగు వచ్చాయి. మా ఎన్విరాన్‌మెంటల్ కెమిస్ట్రీ విభాగంలో అంతకుముందు ఎవరికీ అన్ని రాలేదట. ఆ రిపోర్టు ఇప్పటికీ ల్యాబ్ బయట గాజు అల్మారాలో ఉంది, ఎలా రాయాలో జూనియర్లకు చూపించడానికి. కావాలంటే వెళ్లి చూడండి. ఒక్క కొట్టివేత కనబడదు. అబద్ధం కూడా ఒక్కటి దొరకదు, అందులో ఉన్న ప్రతి అంకె నిజమే. అదే నన్ను ఇప్పటికీ కాల్చుకు తింటోంది.

మొదటి నుంచీ చెబుతాను. లేకపోతే ఈ కథలో నేనేదో మంచిదాన్నని అనుకుంటారు.

మా నాన్న కుళాయిలు బిగించి గొట్టాలు అతికే పనిచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. పనికి వెళ్లిన ఇంట్లో మంచినీళ్లు అడగడానికి కూడా మొహమాటపడతాడు. కానీ ముప్పై ఏళ్లుగా ఏ ఇంట్లో పనిచేసినా, సంచీ సర్దుకుని బయల్దేరే ముందు ఒక్క మాట మాత్రం చెప్పి వచ్చేవాడు. పొద్దున లేవగానే పట్టిన మొదటి బకెట్ నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు, అవి రాత్రంతా గొట్టంలో నిలబడిన నీళ్లు, నేల తుడుచుకోండి అని. ఎందుకని ఎవరైనా అడిగితే, తనకు పని నేర్పిన మేస్త్రి చెప్పాడనేవాడు. అంతకుమించి ఆయనకూ తెలీదు.

అక్క పెళ్లయ్యాక కాపురం పెట్టింది నాలుగంతస్తుల పాత భవనంలో, మూడో అంతస్తులో. నాన్న ఆ ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు కూర్చోకముందే వంటగది గోడలోంచి వచ్చిన గొట్టాన్ని స్పానర్ మొనతో తట్టి చూశాడు. లోపల పాతకాలం సీసపు గొట్టాలున్నాయని చెప్పాడు. ఇంటి యజమానికి గోడలు పగలగొట్టే ఉద్దేశం లేదు. దాంతో అక్క కూడా రోజూ మొదటి బకెట్ పక్కన పెట్టడం మొదలుపెట్టింది. బావకు అది చాదస్తంగా ఉండేది. మీ నాన్న చెప్పిన బకెట్‌కి కాలు తగలకుండా ఆఫీసుకు వెళ్లిన రోజు లేదని విసుక్కునేవాడు.

బావ బీమా కంపెనీలో క్లెయిములు చూస్తాడు. సంతకం, ముద్ర ఉంటే చచ్చినవాడు చచ్చినట్టు, లేకపోతే బతికున్నట్టు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. నన్ను ‘సైంటిస్టు గారూ’ అని పిలిచేవాడు. అందులో ఎగతాళి ఉండేది, గౌరవం కూడా ఉండేది. నేను గౌరవం మాత్రమే తీసుకునేదాన్ని.

ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్‌లో సార్ ఇచ్చిన ప్రాజెక్టు, ఇళ్లలో తాగే నీటిలో లోహాలు. ఇరవై ఇళ్ల నుంచి నీళ్లు తేవాలి. ఎలా పట్టాలో మా ల్యాబ్ గోడకు ఒక కాగితం ఉండేది, ప్లాస్టిక్ తొడుగు వేసి. కుళాయి పూర్తిగా తిప్పి ఐదు నిమిషాలు నీళ్లు వదలాలి, అదే నీటితో బాటిల్ మూడుసార్లు కడగాలి, అప్పుడు నింపాలి, రెండు చుక్కల యాసిడ్ వేసి మూత బిగించాలి. ఆ కాగితం సార్ స్వయంగా రాసింది. పదకొండేళ్లుగా అదే గోడకు ఉంది. అందరికీ కంఠతా వచ్చు. ఐదు నిమిషాలు ఎందుకని అడిగినవాళ్లు లేరు, నాతో సహా. ఎంతసేపూ మా భయం మా చేతి మురికి నీళ్లలో కలుస్తుందేమోనని. నీళ్లకున్న మురికి మేమే పారబోస్తున్నామని ఎవరికీ తట్టలేదు.

అక్క వంటగదిలో నేను ఫోన్లో టైము చూసుకుంటూ నిలబడ్డాను. కుళాయి ధారగా పోతోంది. వాళ్ల పాపకు అప్పుడు ఏడాది. అక్క దాన్ని చంకనేసుకుని నన్ను చూసి ఒకటే నవ్వు.

“నాన్న ఒక్క బకెట్ వదలమంటేనే మీ బావ ఇల్లు పీకి పందిరేస్తాడు. నువ్వు ఐదు నిమిషాలు వదులుతున్నావు. ఆయన ఇంట్లో లేడు కాబట్టి సరిపోయింది.”

ఇది వేరే, ఇది పద్ధతి అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మొహం ఎలా ఉందో అక్కకి ఇంకా గుర్తుండే ఉంటుంది.

మెషిన్ అక్క ఇంటి నీళ్లలో సీసం చూపించలేదు. మెషిన్‌కి అందనంత తక్కువ అని పట్టికలో రాశాను. ఇరవై ఇళ్లలో పంతొమ్మిదింటికి అదే మాట. సార్ సంతకం చేసి విభాగం ముద్ర వేశారు. ఆదివారం భోజనానికి అక్క వాళ్లింటికి వెళుతూ ఒక నకలు పట్టుకెళ్లాను. ఎందుకు పట్టుకెళ్లాను? బావకు చూపించడానికి. నిజం చెప్పాలంటే నాన్నకు చూపించడానికి కూడా. ఆయన మేస్త్రి చెప్పిన మాటకీ నేను చదివిన చదువుకీ తేడా ఏమిటో ఆయనకు తెలియాలి కదా.

బావ నిలబడే చదివాడు. ముద్ర దగ్గర ఆగాడు. తర్వాత కాగితం నాన్న ముందు పెట్టి, చూశారా మామయ్యా, ఇందులో మొదటి బకెట్, రెండో బకెట్ అని లేదు, నీళ్లు శుభ్రం అన్నాడు. నాన్న కాగితం చూడలేదు. నన్ను చూశాడు.

“అంటే ఇక పారబోయక్కర్లేదా అమ్మా?”

“అక్కర్లేదు నాన్నా. అవన్నీ పాతకాలం మాటలు. మెషిన్ చూసి చెప్పింది.”

ఇంతే నేనన్నది. అన్న తర్వాత పెరుగు కూడా వడ్డించుకుని తిన్నాను.

నాన్నకు బాధ కలగలేదు, అది నేను ఊహించనిది. ఆయన సంతోషపడ్డాడు. కూతురు చేతిలో ఓడిపోవడం ఆయనకు పండగలా ఉంది. నన్నడిగి ఇంకో నకలు తీసుకుని నాలుగు మడతలు పెట్టి పనిముట్ల సంచీలో దాచుకున్నాడు. ఆ వారం నుంచి పనికి వెళ్లిన ఇళ్లలో మొదటి బకెట్ మాట చెప్పడం మానేశాడు. మానేయడమే కాదు, పాత ఇళ్లవాళ్లు కనబడితే ఆ కాగితం తీసి చూపించి, మా అమ్మాయి పరీక్ష చేసింది, ఇక పారబోయక్కర్లేదు అని చెప్పేవాడు. ముప్పై ఏళ్ల మాట ముప్పై రోజుల్లో వెనక్కి తీసుకున్నాడు.

అక్క ఇంట్లో బకెట్ బాత్రూంలోకి పోయింది. రోజూ పొద్దున ఆరింటికి లేచి అక్క కుళాయి తిప్పుతుంది, వచ్చిన మొదటి నీళ్లు కెటిల్‌లో పట్టి కాస్తుంది, పాపకు పాలపొడి కలుపుతుంది. కాచిన నీళ్లు కదా, మంచిదే అనుకుంది. కాస్తే క్రిములు చస్తాయి. సీసం చావదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఏడెనిమిది నెలలకు పాప తిండి మానేసింది. ఊరికే కడుపు పట్టుకుని ఏడుపు, ఒళ్లు పాలిపోవడం. నడక వచ్చింది గానీ మాటలు ఒకటీ అరా తప్ప రాలేదు. పిల్లల డాక్టరు రక్తం తీయించింది. సీసం ఇరవై రెండు అని వచ్చింది. ఐదు దాటితేనే కంగారు పడాలట. అక్కా బావలతో నేనూ వెళ్లాను, చదువుకున్నదాన్ని కదా, డాక్టరు మాటలు అర్థం చేసుకోవడానికి. ఆవిడ వరసగా అడిగింది. గోడల రంగు, ఆటబొమ్మలు, నీళ్లు. నీళ్లు అనగానే బావ ఫైల్లోంచి నా రిపోర్టు తీసి ఇచ్చాడు. ఆవిడ ముద్ర చూసి, బాగుంది, నీళ్లు కాదు అని ఆ మాట కొట్టేసింది. ఇంట్లో ఎవరైనా లోహాలతో పనిచేస్తారా అని అడిగింది.

నాన్న రోజూ సాయంత్రం పని నుంచి నేరుగా అక్క ఇంటికే వెళ్లేవాడు. టంకం వేసిన చేతులతో, అవే బట్టలతో పాపను మెడ మీదికి ఎక్కించుకునేవాడు. అది ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. పైకి చెప్పింది మాత్రం నేనే. టంకంలో సీసం ఉంటుందని, దుమ్ము బట్టలకు అంటుకుని పిల్లల నోట్లోకి పోవచ్చని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. డాక్టరు తలాడించి రాసుకుంది.

బావ గొంతు పెంచలేదు. ఆ సాయంత్రం నాన్నను గుమ్మంలోనే ఆపి, పాప కోలుకునేదాకా మీరు రాకుండా ఉంటే మంచిది మామయ్యా అన్నాడు. అక్క వెనక నిలబడింది. నాన్న నా మొహం చూశాడు. నేను సైన్సు ప్రకారం అది నిజమేనని చెప్పాను.

ఆయన ఇంటికొచ్చి పని బట్టలన్నీ పెరట్లో కాల్చేశాడు. గిన్నెలు తోమే బ్రష్‌తో చేతులు తోముకోవడం మొదలుపెట్టాడు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. వేళ్ల సందుల్లో పగిలి నెత్తురు వచ్చినా ఆపలేదు. టంకం పనులు మానుకున్నాడు. చిన్న చిన్న పనులే మిగిలాయి. ఒకరోజు నేను కాలేజీ నుంచి వస్తుంటే అక్క వాళ్ల భవనానికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, బస్సు కోసం ఆగినట్టు నిలబడి మూడో అంతస్తు బాల్కనీ చూస్తున్నాడు. ఆ దారిన మా ఇంటికి బస్సు లేదు. నేను పలకరించకుండా వచ్చేశాను. నా మనవరాలికి నేనే విషం పెట్టాను అని ఆయన అన్నది ఒక్కసారే. నేను ఔననలేదు, కాదనలేదు.

మూడు నెలల తర్వాత మళ్లీ రక్తం తీశారు. ముప్పై ఒకటి. తగ్గాల్సింది పెరిగింది. బావ నాకు ఫోన్ చేసి, మీ నాన్న మేము లేనప్పుడు దొంగచాటుగా వచ్చిపోతున్నాడా అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చింది అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక కూడా, మరి ఎలా పెరిగింది అన్న ప్రశ్న వదల్లేదు. నాన్న ఆ గుమ్మం తొక్కి మూడు నెలలైంది.

జవాబు ఆ మంగళవారం క్లాసులో వచ్చింది. మూడో సెమిస్టర్, నాలుగో యూనిట్. సార్ నోట్సు చెబుతున్నారు, మేము రాస్తున్నాం. పాత గొట్టాల్లో ఆరు గంటలకు మించి నిలిచిన నీటిలోకి సీసం దిగుతుంది. కనుక ఇంటి నీటిని పరీక్షించాలంటే పొద్దున వచ్చే మొదటి నీళ్లే పట్టాలి, ముందుగా కుళాయి వదిలేస్తే ఉన్న సీసం కొట్టుకుపోయి ఫలితంలో కనబడదు. ఐదు మార్కుల ప్రశ్న, గుర్తుపెట్టుకోండి. ‘గుర్తుపెట్టుకోండి’ అన్నది కూడా నోట్సులో రాసేశాను. అప్పుడు ఆగింది నా చెయ్యి. ఆ గోడకు అవతలి పక్కన ల్యాబ్. అక్కడ ఇదే మనిషి రాసిన కాగితం, ఐదు నిమిషాలు వదలాలి అని. చుట్టూ చూశాను. నలభై మంది తలలు వంచుకుని రాసుకుంటున్నారు.

మర్నాడు తెల్లవారుతూనే వెళ్లి, అక్క కుళాయి ముట్టుకోకముందే మొదటి లీటరు పట్టాను. ఐదు నిమిషాలు వదిలి ఇంకో లీటరు పట్టాను. కాలేజీ పనికి అని చెప్పాను, అక్క ఏమీ అడగలేదు. రెండో దానిలో ఏమీ లేదు. మొదటి దానిలో నూట నలభై. పది దాటకూడదు.

అంటే నాన్న పారబోయమన్న నీళ్లను నేను కూడా పారబోశాను. పారబోసి, మిగిలిన నీళ్లు చూసి, పారబోయక్కర్లేదని చెప్పాను. ఇంత తెలివితక్కువ పని చదువుకోనివాళ్లు చెయ్యరు. దానికి ఎమ్మెస్సీ కావాలి.

కొత్త ఫలితం పట్టుకుని సార్ గదికి వెళ్లాను. ఆయన దుర్మార్గుడేం కాదు. కూర్చోమన్నారు, రెండు కాగితాలూ శ్రద్ధగా చూశారు. నీ పాత రిపోర్టులో తప్పేమీ లేదమ్మా, ఆ పద్ధతి మునిసిపాలిటీ సరఫరా చేసే నీటికి, ఇంటి గొట్టాలు వేరే విషయం అన్నారు. మన ప్రాజెక్టు పేరే ఇళ్లలో తాగే నీరు కదా సార్ అన్నాను. పేరుదేముంది అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కనీసం ఈ కొత్త దాని మీద ముద్ర వెయ్యమని బతిమాలాను. రిజిస్టర్‌లో నంబరు లేని నీళ్లకు ముద్ర ఎలా వేస్తానన్నారు. చివరికి కళ్లజోడు తీసి మెల్లగా చెప్పారు.

“పదకొండు బ్యాచ్‌లు ఇలాగే చేశాయి. ఒక్కదాన్ని కదిపితే అన్నీ కదులుతాయి. నీ తొంభై నాలుగుతో సహా.”

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆ గదిలోంచి నేను నేరుగా అక్క దగ్గరికి వెళ్లలేదు. ముద్ర లేని కాగితం బావ నమ్మడు, ఇంకోసారి సార్‌ను అడిగి చూద్దామని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం తొంభై నాలుగు. రెండు రోజులు గడిపాను. రెండు పొద్దులు అక్క కెటిల్ నింపింది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు వెళ్లాను. అక్క గిన్నెలు కడుగుతోంది, బావ ఆఫీసు నుంచి అప్పుడే వచ్చాడు. నిలబడే మొత్తం చెప్పాను. బావ కాగితం అటూ ఇటూ తిప్పాడు.

“ముద్ర ఏది?”

లేదన్నాను. ముద్ర ఉన్న కాగితం నీళ్లు మంచివంటోంది, ముద్ర లేనిది చెడ్డవంటోంది, రెండూ నువ్వు రాసినవే, మీ నాన్న మీద జాలితో ఇది పుట్టించావని నేనెందుకు అనుకోకూడదు అని అడిగాడు. ఆఫీసులో అడిగినట్టే అడిగాడు. ముద్రను నమ్మడం ఆ ఇంటికి నేర్పిన పాపంలో నాకూ వాటా ఉంది.

అక్క తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. పొయ్యి పక్కనున్న కెటిల్ తీసి సింక్‌లో వంచింది. చివరి చుక్క దాకా వంచి, అప్పుడు నా వైపు తిరిగింది.

“పారబోయడం ఎందుకో నాన్న చెప్పలేకపోయాడు కాబట్టి ఆయన మాట వదిలేశాను. నువ్వు చెప్పగలిగావు కాబట్టి నమ్మాను. నా పిల్ల బుర్ర మళ్లీ బాగవుతుందా, అది చెప్పు. చదువుకున్నావుగా.”

తగ్గుతుంది, రక్తంలో తగ్గుతుంది అన్నాను. బుర్ర సంగతి అడుగుతున్నా అంది. పుస్తకంలో దానికి ఏం రాశారో నాకు తెలుసు. తెలీదన్నాను. అక్క ఫోన్ తీసి నాన్నకు చేసి, రేపొకసారి రా నాన్నా, గొట్టం మార్చాలి అని మాత్రం చెప్పింది. తప్పయిందని అనడానికి ఆమెకు నోరు రాలేదు. రాకపోవడం నాకు అర్థమైంది, నాకూ వచ్చింది కాదు.

మర్నాడు నాన్నతో నేనూ బయల్దేరాను. ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. దారిలో చెప్పాను, మొత్తం కాదు, రెండు రోజుల సంగతి వదిలేసి. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన నడుస్తూ నడుస్తూ ఆగి, పాత పనిముట్ల సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

“నీ కాగితం చూపించి ఎన్ని ఇళ్లలో మాన్పించానో లెక్క లేదమ్మా,” అన్నాడు.

అంతే. మళ్లీ నడక మొదలుపెట్టాడు.

బావ తలుపు తీశాడు. నేల చూస్తూ, రండి మామయ్యా అన్నాడు. నాన్న కొత్తవాళ్ల ఇంటికి వచ్చినట్టు చెప్పులు బయటే విప్పి, బాత్రూంలోకి వెళ్లి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చాడు. ఎవరూ కడుక్కోమనలేదు. వంటగదిలో సింక్ కింద కూర్చుని, గోడలోని పాత గొట్టంలోంచి నీళ్లు రాకుండా మూసేసి, బయటి నుంచి కొత్త ప్లాస్టిక్ గొట్టం లాగడం మొదలుపెట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను.

పాప వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఈ మూడు నెలల్లో అది తాత కావాలని ఏడ్చినప్పుడల్లా, తాత చేతులు ఛీ, తాతను ముట్టుకోకూడదు అని అక్కా బావా సముదాయించారు. తప్పేముంది, పిల్లకు ఇంకెలా చెబుతారు. నాన్న దాన్ని చూసి, చేతిలో పని వదిలేసి, అరచేతులు రెండూ చొక్కాకు గట్టిగా తుడుచుకుని ముందుకు చాచాడు. నాకు కనబడేలా, అందరికీ కనబడేలా చాచాడు. తోమి తోమి ఆ చేతుల మీద చర్మం ఎర్రగా పలచబడిపోయి ఉంది.

పాప తన చేతులు వెనక్కి దాచుకుంది.

“తాతా, ముట్టుకోకు,” అంది.

అక్క గోడ వైపు తిరిగింది. పాప కళ్లలో భయం లేదు, చెప్పినది సరిగ్గా అప్పజెప్పిన పిల్ల మొహంలా ఉంది.

“ముట్టుకోను తల్లీ,” అని నాన్న చేతులు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత నన్ను స్పానర్ అడిగాడు.